ఫైలు ఏమైందన్నారు?



ఈ పూట ఒక భాష నేర్చుకోవడం గురించి మాట్లాడుకుందాం. ఏ బళ్లోనూ చెప్పని భాష. కచేరీ భాష. అంటే ప్రభుత్వ ఆఫీసుల్లో, కౌంటర్ల దగ్గర, నోటీసు కాగితాల మీద కనిపించే భాష.

అది తెలుగేనా అంటే తెలుగే. కానీ తెలుగు బాగా చదువుకున్నవాళ్లు కూడా అక్కడ తడబడతారు. ఒకాయన తన పొలం కాగితం కోసం తహసీల్దారు ఆఫీసుకు వెళ్తాడు. లోపల గుమస్తా గారు చెబుతారు. "మీ అర్జీ రిపోర్టుకి పంపాం. ఆర్.ఐ. గారి దగ్గర పెండింగులో ఉంది. రాగానే ఎండార్స్‌మెంట్ ఇస్తాం." ఆయన తలూపి బయటికొస్తాడు. చెట్టు కింద కూర్చున్న భార్య అడుగుతుంది. "ఏటన్నారు?" "అయిపోతాదన్నారు" అంటాడు.

అయిపోతుందని లోపల ఎవరూ అనలేదు. కానీ ఆయనకు కావలసిందంతా చెప్పారు. కాగితం ఎక్కడికి వెళ్లిందో చెప్పారు. ఎవరి దగ్గర ఆగిందో చెప్పారు. తర్వాత ఏం రావాలో చెప్పారు. మాట తెలియక ఆ సమాచారమంతా గుమ్మం దగ్గరే జారిపోయింది. మళ్లీ వారం ఆయన మళ్లీ మొదటి కౌంటరుకే వెళ్తాడు. వెళ్లాల్సింది ఆర్.ఐ. గారి దగ్గరికి, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దగ్గరికి.

ఈ భాష నేర్చుకోవచ్చు. పెద్ద చదువు అక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే సంగతి. ఆఫీసు మాటను ఒంటరిగా నేర్చుకోకండి. దాని పక్కనున్న క్రియతో కలిపి నేర్చుకోండి. క్రియ అంటే పని చెప్పే మాట. వెళ్లింది, వచ్చింది, ఇచ్చారు, ఆపారు, కొట్టేశారు. దరఖాస్తు అంటే ఏమిటని కాదు మనం అడగాల్సింది. దరఖాస్తు ఏమైంది? అదీ అడగాల్సింది.

ఒక ఉదాహరణ చెబుతాను. మీ దరఖాస్తు రిటర్న్ అయింది అంటారు. ఇంకొకరి దరఖాస్తు రిజెక్ట్ అయింది అంటారు. ఇంటికొచ్చాక ఇద్దరూ ఒకే మాట చెబుతారు. "పని కాలేదు." కానీ రెండూ ఒకటి కావు. రిటర్న్ అంటే తిరిగొచ్చింది. ఏదో ఒక కాగితం తక్కువైంది. లేదా పేరులో ఒక అక్షరం తేడా వచ్చింది. దాన్ని సరిచేసి మళ్లీ ఇవ్వాలి. రిజెక్ట్ అంటే తిరస్కరించారు. అప్పుడు కాగితం సరిచేసి లాభం లేదు. కారణం రాసివ్వమని అడగాలి. పై అధికారికి అప్పీలు చేసుకునే వీలుంటే గడువులోగా చేసుకోవాలి. ఒకదానికి మళ్లీ ఇదే గుమ్మం. రెండోదానికి పై గుమ్మం.

ఇంకొకటి. మంజూరైంది, విడుదలైంది. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. బిల్లు మంజూరైంది అంటే ఇవ్వడానికి ఒప్పుకున్నారని. విడుదలైంది అంటే డబ్బు బయల్దేరిందని. జమ అయింది అంటే మీ ఖాతాలో పడిందని. ఈ మూడింటి మధ్య నెలలు గడవచ్చు. మంజూరు మాట వినగానే సిమెంటు అప్పు తెచ్చుకుంటే వడ్డీ మన నెత్తిన పడుతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను. మాటను క్రియతో కలిపి వినండి.

ఇప్పుడు కాగితం సంగతి. మన తెలుగు వాక్యంలో క్రియ ఎక్కడుంటుంది? చివర ఉంటుంది. రాముడు కొండ మీద గుడికి తెల్లవారుజామున నడిచి వెళ్లాడు. వెళ్లాడన్నది చివరి మాట. నోటీసు కూడా అంతే. ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా అని మొదలవుతుంది. తర్వాత సూచికలు. సర్వే నంబర్లు. చట్టం పేరు. సెక్షన్లు. ఎనిమిది లైన్లు దాటినా వాక్యం పూర్తి కాదు. చదివేవారికి రెండో లైనులోనే ఊపిరాడదు. కాగితం మడిచి జేబులో పెట్టేస్తారు.

అలాంటప్పుడు కిందినుంచి చదవండి. అవును, కిందినుంచే. ముందు చివరి వాక్యం చూడండి. దాని చివర ఏ క్రియ ఉందో చూడండి. హాజరు కావలెను అని ఉందా? అయితే ఒక రోజు, ఒక చోటు ఉంటాయి. వెతకండి. అభ్యంతరములు తెలుపవలెను అని ఉందా? అయితే ఒక గడువుంటుంది. తిరస్కరించడమైనది అని ఉందా? అయితే ఒక కారణం ఉండాలి. క్రియ దొరికితే మిగతా కాగితంలో ఏం వెతకాలో తెలుస్తుంది.

ఆ 'డమైనది' అన్న ముక్క దగ్గర కాస్త ఆగాలి. తెలియజేయడమైనది. ఆదేశించడమైనది. మూసివేయడమైనది. ఎవరు మూశారు? వాక్యంలో మనిషి లేడు. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి. పౌరుడికి రాసే కాగితంలో పని చేసినవారి పేరో హోదానో వాక్యంలోనే ఉండాలి. ఉండదు కనక మనమే వెతుక్కోవాలి. కింద సంతకం దగ్గర హోదా ఉంటుంది. ఆ హోదాయే ఆ క్రియకు కర్త. మీరు తిరిగి అడగాల్సింది ఆ మనిషినే.

సెల్‌ఫోనుకు వచ్చే సందేశాలు ఇంకా కష్టం. మీ అర్జీ డిస్పోజ్ అయింది అని వస్తుంది. పారేశారని భయపడేవాళ్లున్నారు. పని అయిపోయిందని సంబరపడేవాళ్లూ ఉన్నారు. డిస్పోజ్ అంటే ఆ అర్జీ మీద ఏదో ఒక నిర్ణయం రాసి ముగించారని. అనుకూలంగానా, కాదా అన్నది ఆ సందేశంలో ఉండదు. ఎండార్స్‌మెంట్ కాగితంలో, అంటే ఆఫీసు రాసిచ్చే జవాబులో ఉంటుంది. అది తీసుకుని చూడాలి. ఇంత తికమక ఎందుకు? 1966లోనే మన రాష్ట్రంలో తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం పుట్టిన ఏడాది పుట్టినవాళ్లు ఇప్పుడు ఉద్యోగ విరమణ వయసుకు దగ్గరపడ్డారు. ఒక ముసలమ్మ ఫోనుకు వెళ్లే సందేశంలో చివరి క్రియ అయినా తేట తెలుగులో ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఈ కచేరీ మాటలు మనకు ఎక్కణ్నుంచి వచ్చాయో కూడా కొంచెం చెప్పుకుందాం. గోల్కొండ సుల్తానుల కాలం నుంచి ఈ సర్కారు జిల్లాల్లో లెక్కలు, దస్తావేజులు పారసీ మాటలతో నడిచాయి. అర్జీ, దరఖాస్తు, రశీదు, దాఖలు, హాజరు, వసూలు, జమ, మంజూరు, జారీ, తహసీలు. ఇవన్నీ పారసీ నుంచి, అరబ్బీ నుంచి వచ్చినవి. కంపెనీ దొరలు వచ్చాక వాటి మీద ఇంగ్లీషు పొర పడింది. కంపెనీ ఉద్యోగులకు ఈ కలగాపులగం అర్థమయ్యేది కాదు. అందుకే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారు ప్రత్యేకంగా నిఘంటువులే చేశారు. ఆయన తెలుగు నిఘంటువు మనందరికీ తెలుసు. 1852లో ఆయన 'జిల్లా డిక్షనరీ' అని ఇంకొకటి అచ్చు వేయించారు. జిల్లా కచేరీల్లో వాడే మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం అది. 1854లో మిశ్ర భాషా నిఘంటువు తెచ్చారు. తెలుగులో కలిసిన పరభాషా మాటల కోసం. ప్రజల మీద అధికారం చేసేవాళ్లకు కచేరీ మాటలు నేర్పడానికి పుస్తకాలొచ్చాయి. ఆ కచేరీ మెట్లెక్కే రైతుకు ఎవరూ పుస్తకం రాయలేదు.

మన విశాఖపట్నంలో ఈ భాష ఒకటి కాదు. నాలుగు రకాలుగా వినిపిస్తుంది. రెవెన్యూలో అడంగల్ అంటారు, అంటే పొలం సాగు లెక్క; ఎఫ్.ఎం.బి. అంటారు, అంటే పొలం కొలతల పటం; ఇరవై రెండు ఏ అంటారు, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా. ఫసలీ అంటారు, అంటే రెవెన్యూ లెక్కల ఏడాది. ఫసలీ సంవత్సరం జులై 1న మొదలవుతుంది. 2025 జులైలో మొదలైంది 1435వ ఫసలీ. పాత అడంగల్ కాపీ అడిగేటప్పుడు ఈ లెక్క తెలిస్తే సరైన ఏడాది కాగితం దొరుకుతుంది. మహానగరపాలక సంస్థకు వెళ్తే మాటలు వేరు. హార్బరు వైపు వెళ్తే ఇంకా వేరు.

హార్బరు మాటలు చూడండి. కొత్తగా క్లియరింగ్ ఏజెంటు దగ్గర చేరిన కుర్రాడు షిప్పింగ్ బిల్లు అని వింటాడు. బిల్లు అంటే డబ్బు కట్టాలనుకుంటాడు. కాదు. సరుకు విదేశానికి పంపేటప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చే ప్రకటన అది. దిగుమతి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ. ఆ కుర్రాడికి అర్థాలు వల్లె వేయించనక్కర్లేదు. క్రియలు చెబితే చాలు. బిల్ ఆఫ్ ఎంట్రీ ఫైల్ చేశాం. అసెస్ అయింది. సుంకం కట్టాం. ఔట్ ఆఫ్ ఛార్జ్ వచ్చింది. ఈ చివరి మాట వచ్చేదాకా సరుకు గేటు దాటదు. అంతే. ఓడ మీదికి వెళ్లే మన కుర్రాళ్లకు ఇంకొకటి. వాళ్ల ఓడ కొలువు వివరాలు రాసే సీడీసీ పుస్తకంలో సైన్ ఆన్, సైన్ ఆఫ్, డిస్చార్జ్ అని ఉంటాయి. ఆసుపత్రిలో డిస్చార్జ్ వేరు. ఓడలో డిస్చార్జ్ అంటే ఆ ఓడ మీద కొలువు ముగిసిందని. ఆ తేదీలు సరిగా పడకపోతే సముద్రం మీద చేసిన సేవ లెక్కలోకి రాదు.

ఇక ఉక్కు ఫ్యాక్టరీ. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 1970 ఏప్రిల్ 17న విశాఖ ఉక్కు ప్రకటన వచ్చింది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ఆ ఫ్యాక్టరీ కోసం ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. ఆ జనం అగనంపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసిత కాలనీల్లో స్థిరపడ్డారు. వాళ్ల ఇళ్లల్లో ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది. ఆర్ కార్డు. పునరావాస కార్డు అది. తాత పేరున ఉన్న కార్డు మనవడి చేతిలో ఉంటుంది. ఆ కార్డు మీద ఉద్యోగం కోసం అడిగేవాళ్లు, అర్జీలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ రోజుల్లో భూసేకరణ 1894 నాటి చట్టం కింద జరిగేది. ఆ చట్టంలో ఒక నియమం ఉంది. నష్టపరిహారం చాలదనిపిస్తే కోర్టుకు పంపమని అడగొచ్చు. కానీ డబ్బు పుచ్చుకునేటప్పుడు అభ్యంతరంతో పుచ్చుకుంటున్నాను అని చెప్పి ఉండాలి. ఇంగ్లీషులో అండర్ ప్రొటెస్ట్ అంటారు. ఆ మాట లేకుండా డబ్బు తీసుకుంటే, ఎక్కువ పరిహారం కోసం అలా అడిగే హక్కు పోతుంది. ఇప్పుడు మళ్లీ వినండి. పుచ్చుకున్నాను. అభ్యంతరంతో పుచ్చుకున్నాను. డబ్బు అదే. మనిషి అదే. క్రియ పక్కన ఒక్క మాట తేడా. సంతకం పక్కన ఆ ఒక్క మాట రాయాలని తెలిసిన రైతుకు కోర్టు తలుపు తెరిచి ఉంటుంది. తెలియని రైతుకు మూసుకుపోతుంది. 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. అందులోనూ ఈ నియమం ఉంది. రోడ్డుకో, పరిశ్రమకో, కాలువకో భూమి పోతున్నవారు ఈ ప్రసంగం వింటుంటే, మిగతావన్నీ మర్చిపోయినా సరే, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అభ్యంతరంతో పుచ్చుకున్నాను.

ఈ కచేరీ భాష బాధ మనకొక్కరికేనా? కాదు. మన కుర్రాళ్లు చదువుకో ఉద్యోగానికో స్పెయిన్ వెళ్తున్నారనుకోండి. వెళ్లేముందు ఫోనులో స్పానిష్ నేర్చుకుంటారు. నీళ్లు, రొట్టె, శుభోదయం, ఎంత ఖరీదు. అక్కడ దిగాక మొదటి నెలలోనే వేరే మాటలు కావాలి. ఆరు నెలలకు మించి ఉండే విద్యార్థి దిగిన నెల లోపల గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టాలి. దానికి ముందు సీతా ప్రెవియా కావాలి. అంటే ముందుగా తీసుకునే అపాయింట్‌మెంటు. మునిసిపాలిటీలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని పద్రోన్ అంటారు. సొలిసితూద్ అంటే దరఖాస్తు. ప్లాసో అంటే గడువు. రెస్గ్వార్దో అంటే రశీదు.

ఇన్ని మాటలు ఎలా? అక్కడా అదే దారి. క్రియ పట్టుకోవాలి. సుబ్సనార్ అని ఒక క్రియ ఉంది. లోపం సరిచేసి మళ్లీ ఇవ్వడం. స్పెయిన్‌లో 2015 నాటి 39వ నంబరు చట్టం ప్రకారం దరఖాస్తులో లోపముంటే సాధారణంగా పది రోజులు గడువిస్తారు. ఆ పది రోజుల్లో సరిచేయకపోతే మీరే వదులుకున్నట్టు లెక్క. దెసెస్తిమార్ అని ఇంకొకటి. అది తిరస్కరించడం. మన రిటర్న్, మన రిజెక్టే. దేశం మారింది. కౌంటరు మారింది. తేడా మాత్రం అదే తేడా. విశాఖలో ఈ తేడా తెలిసిన కుర్రాడికి మాడ్రిడ్‌లో సగం పాఠం ముందే వచ్చినట్టు.

చిత్రమేమిటంటే స్పానిష్ కచేరీకి కూడా అరబ్బీ చుట్టరికం ఉంది. కస్టమ్స్ ఆఫీసును వాళ్లు అద్వానా అంటారు. అది అరబ్బీ వాళ్ల దీవాన్ నుంచి వచ్చింది. మన జమీందారీ ఊళ్లలో దివాణం అన్న మాట ఉందే, అదీ ఆ దీవానే. ఇక ఆఫీసుల చుట్టూ తిరగడం సంగతి అంటారా, 1833లోనే మరియానో హొసె దె లారా అనే స్పానిష్ రచయిత 'రేపు రండి' అనే పేరుతో వ్యాసం రాశాడు. పదిహేను రోజుల్లో పనులు ముగించుకుందామని ఒక విదేశీయుడు మాడ్రిడ్ వస్తాడు. ఆరు నెలలైనా కావు. మన కలెక్టరేటు మెట్ల మీద ఆ వ్యాసం చదివి వినిపిస్తే ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేదు.

ఇంకొక మాట. ఆఫీసు ఏ జవాబూ ఇవ్వకపోతే? అప్పుడు క్రియే లేదు కదా. మౌనం అర్ధాంగీకారం అని మన సామెత. స్పెయిన్ చట్టంలో నిజంగానే అలా ఉంది. పౌరుడు పెట్టిన దరఖాస్తుకు గడువు దాటినా జవాబు రాకపోతే, మామూలుగా ఒప్పుకున్నట్టే లెక్క. మినహాయింపులు చాలా ఉన్నాయి. అయినా మూల సూత్రం అది. మన సమాచార హక్కు చట్టంలో తిరగేసి ఉంది. 2005 చట్టం అది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క. వినడానికి అన్యాయంగా ఉంటుంది. కానీ మనకు అది మేలే. ఎందుకంటే తిరస్కరించారు అన్న క్రియ మన చేతికొచ్చింది. జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఆ ముప్పై రోజులు దాటిన దగ్గర్నుంచి ఇంకో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు. చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. ఇంకా రాలేదు, వస్తుందేమో అని చూస్తూ ఆ రెండో ముప్పై రోజులూ దాటబెడతారు.

మరి ఇంట్లో ఎలా సాధన చేయాలి? మీ ఇనప్పెట్టెలో, బీరువాలో కాగితాలుంటాయి. ఇంటి పన్ను రశీదు, రేషన్ కార్డు, దస్తావేజు, పాత నోటీసు. అందులో ఒక్కటి తీయండి. ఒక్కటే. పిల్లల చేత పైకి చదివించండి. ప్రతి వాక్యం చివర క్రియ కింద పెన్సిలుతో గీత గీయించండి. జెరాక్సు కాపీ మీద గీయించండి, అసలు మీద వద్దు. ఆ క్రియ ఎవరు చేశారు, ఏ తేదీన చేశారు అని అడగండి. తర్వాత మనం చేయాల్సింది ఏమైనా ఉందా అని అడగండి. ఇంటర్మీడియట్ చదివే పిల్లకు ఇది చేతనవుతుంది. నాన్నమ్మ చదువుకోకపోయినా ఆ కాగితం కథ ఆవిడకే ఎక్కువ తెలిసి ఉంటుంది. క్రయం ఎప్పుడు రాసుకున్నారు, సాక్షి సంతకం ఎవరు పెట్టారు, పొలం గట్టు తగువు ఎప్పుడొచ్చింది. కాగితం పిల్ల చదువుతుంది. కథ ఆవిడ చెబుతుంది. దస్తావేజులు రాసే లేఖరి దగ్గర కూర్చున్నా ఇంత పాఠం రాదు.

కౌంటరు దగ్గరికి వెళ్లినప్పుడు తలూపి వచ్చేయకండి. గౌరవంగా అడగండి. "బాబూ, నా ఫైలు ఏమైందన్నారు? పంపారా, ఆపారా, తిప్పి పంపారా? ఇప్పుడు ఎవరి దగ్గరుంది? నేను తేవాల్సిన కాగితం ఉందా? ఎప్పటిలోగా?" వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే చీటీ మీద రాసుకోండి. మీ మాటల్లోకి మార్చకండి. రిపోర్టుకి పంపాం అంటే రిపోర్టుకి పంపాం అనే రాయండి. అయిపోతుందట అని రాయకండి. పక్కన తేదీ వేయండి. చెప్పినవారి హోదా రాయండి. రాయడం రానివారు పక్కనున్నవారిని అడగండి. కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకునే చోట రాసిపెట్టేవాళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు.

ఆఫీసుల్లో పనిచేసేవారికి కూడా ఒక మనవి. మీరు రోజుకు వందమందికి జవాబు చెబుతారు. అలసిపోతారు. తెలుసు. అయినా కౌంటరు అవతల మనిషికి అదొక్కటే పని. దాని కోసం కూలి మానుకుని, ఆటో ఎక్కి వచ్చి ఉంటారు. ఎండార్స్‌మెంట్ వస్తుంది అనే బదులు "జవాబు కాగితం మీ చిరునామాకు పోస్టులో పంపుతాం, రాకపోతే పదిహేనో తేదీ తర్వాత రండి" అంటే సరిపోతుంది. ఎవరు ఏం చేస్తారో, ఎప్పుడు చేస్తారో ఆ మాటలో ఉంది.

చివరగా ఒక చిన్న జాగ్రత్త. అర్జీ ఇచ్చిన రోజున రశీదు పుచ్చుకోకుండా వెనక్కి రాకండి. సచివాలయంలో ఇచ్చినా, కలెక్టరేటులో ఇచ్చినా దాని మీద నంబరుంటుంది. ఆ నంబరును ఫోనులో ఫొటో తీసుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోనుకు కూడా పంపి ఉంచండి. రశీదు సిరా ఎండకు వెలిసిపోతుంది. ఎండాకాలంలో జేబులో చెమటకు మరీ త్వరగా పోతుంది.